చెక్క ఎద్దుకు ఐఎస్ఐ ముద్ర కావాలా?

ఎడ్ల పండగ పోళా దగ్గర పడిందంటే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని రాజురా, బల్లార్పూర్ బజార్లలో చెక్క ఎడ్లు వరుస కడతాయి. అరచేతిలో ఇమిడేవి మొదలు చంటిపిల్లను ఎక్కించి లాగగలిగేంతవాటి దాకా దొరుకుతాయి. వాటి పక్కనే నిర్మల్ పండ్లు, పక్షులు, కొండపల్లి అంబారీ ఏనుగులు, లక్క పూసిన బొంగరాలు ఉంటాయి. ఈమధ్య పిల్లల కథల పేరుతో అట్టపెట్టెల్లో వస్తున్న ప్లైవుడ్ సెట్లూ అక్కడే కనబడుతున్నాయి. బేరం మాత్రం ఎక్కడైనా ఒకే తీరుగా సాగుతుంది.

"కాకా, గిది నిర్మల్‌దేనా?"

"ఔ బిడ్డా, నిర్మల్ మాలే. చేతిపని. చూడు, అసలైన పాతకాలపు బొమ్మ."

"మరి ఐఎస్ఐ గుర్తేది?"

ఇక్కడ కాకా నవ్వేసి ధర తగ్గిస్తాడు. ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ అమ్మితే నేరమని ఫోన్లలో తిరిగే మాట ఆయనా విన్నాడు. చేతివృత్తి వాళ్లకు అది వర్తించదన్న మాటా విన్నాడు. రెండూ సగం సగం నిజాలే. ఆ చిన్న బేరంలో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి: బొమ్మ ఏ ఊరిది, ఎలా చేశారు, పిల్ల నోట్లో పెట్టుకుంటే క్షేమమా, ఏ ఆచారానికి చెందింది. మొదటి మూడింటికీ చట్టంలో జవాబు ఉంది, కానీ ఒక్కో చట్టంలో ఒక్కో జవాబు. నాలుగోదాన్ని ఏ చట్టమూ అడగదు. చిక్కంతా అక్కడే పుడుతోంది.

పెద్దల ఎడ్లు ఒకరోజు, పిల్లల ఎడ్లు మరునాడు

శ్రావణ అమావాస్య నాడు విదర్భలోనూ, మరాఠ్వాడాలోనూ, ఇటు ఆదిలాబాద్ పల్లెల్లోనూ ఎడ్లకు పని చెప్పరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి ఊరేగిస్తారు. విదర్భలో మరునాడు పాడ్యమికి పిల్లల వంతు. దాన్ని తాన్హా పోళా అంటారు. పిల్లలు చెక్క ఎడ్లను అలంకరించి, తాడు కట్టి లాక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. పెద్దలు ఎద్దుకు బొట్టుపెట్టి, పిల్లల చేతిలో చిల్లరో మిఠాయో పెడతారు. ఈ ఆచారాన్ని 1806లో నాగ్‌పూర్ భోంస్లే రాజు రెండో రఘూజీ మొదలుపెట్టాడని ఆ వైపు చెప్పుకుంటారు. చంద్రపూర్ జిల్లాలో స్థిరపడిన తెలుగు ఇళ్లలోనూ పిల్లలున్నచోట చెక్క ఎద్దు లేకుండా ఆ రోజు గడవదు.

ఈ ఎద్దును చేసేది పేరుమోసిన బొమ్మల ఊరి కళాకారుడు కాదు. తలుపులు, మంచాలు, ఒకప్పుడు నాగళ్లు చేసిన ఊరి వడ్లాయన, మరాఠీ ఇళ్లకు సుతార్. ఏడాదంతా వేరే పని చేస్తాడు, పండగ ముందు కొద్ది వారాలు ఎడ్లు చెక్కుతాడు. ఈ ప్రాంతంలో కట్టెకు కొదవ లేదు. బల్లార్పూర్ డిపో టేకు ఎంత పేరున్నదంటే, 2023లో అయోధ్య రామాలయం తలుపులకు కట్టె ఇక్కడి నుంచే వెళ్లింది. వడ్లాయన వాడేది మాత్రం తలుపు చెక్కగా మిగిలిన ముక్కలు, లేదంటే మామిడి కట్టె. బాడిసతో ఒంటి రూపు తీసి, మూపురం, గంగడోలు ఉలితో తేలుస్తాడు. కొమ్ములు విడిగా చేసి బెజ్జంలో దిగగొడతాడు. కాళ్ల కింద పలక, పలకకు ఇరుసు, ఇరుసుకు చక్రాలు. చక్రం జారిపోకుండా చివర మేకు. చివరగా గరుకు కాగితంతో రుద్ది ఎనామిల్ రంగు వేస్తాడు. కొమ్ములకు నారింజో, ఎరుపో తప్పనిసరి.

ఈ ఎద్దును మనసులో పెట్టుకుని ముందుకు వెళ్దాం. తక్కువ ధరకు దొరికే ఈ బొమ్మే చట్టాలకు మింగుడుపడనిది.

నిర్మల్ అంటే ఊరు, పద్ధతి కాదు

నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. దీనికి 1999లో చట్టం చేశారు, 2003 సెప్టెంబర్ 15 నుంచి అమలైంది. రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. ఒక వస్తువు గుణమో, పేరో, మరే విశిష్టతో ప్రధానంగా అది పుట్టిన చోటు వల్ల వచ్చిందని రుజువు చేస్తే, ఆ చోటి పేరును ఆ వస్తువుకు వాడే హక్కు అక్కడివాళ్లకు దక్కుతుంది. పదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ట్రేడ్‌మార్కులా దీన్ని అమ్మడం, తాకట్టు పెట్టడం, లైసెన్సుకివ్వడం కుదరదు. గుర్తింపు పొందిన సంఘం లేదా సంస్థ దాని యజమాని. ఆ కింద చేసేవాళ్లు ఒక్కొక్కరూ అధీకృత వినియోగదారులుగా విడిగా నమోదు కావాలి. ఊరికి జీఐ వచ్చింది కదా అని ఊళ్లో చేసేవాళ్లందరికీ దానంతట అదే ఆ హోదా రాదు. బజారులో దాదాపు ఎవరికీ తెలియని ముక్క ఇదే. కాసేపటికి దీనితోనే పని పడుతుంది.

జీఐ కాపాడేది పేరునే. కట్టెను గానీ, ఆకారాన్ని గానీ కాదు. నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాశీలు వాడేది పొనికి అనే తేలిక కట్టె, కొండపల్లిలో బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు వాడేదీ తెల్ల పొనికే. రెండుచోట్లా అవయవాలను విడిగా చెక్కి, చింతపిక్కల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తెల్లపూత పూసి, ఆపైన రంగులేస్తారు. కట్టె ఒకటే, మక్కూ ఒకటే, జీఐలు రెండు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన, అంటే కర్రను తిప్పే లేత్, పట్టి, తిరుగుతున్న కర్రకు లక్క ముద్దను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. కర్ణాటక చన్నపట్న వాళ్లు వాడేదీ అదే జాతి చెట్టు, అదే లక్క. వాళ్ల జీఐ వాళ్లదే, 2017లో ఏటికొప్పాకకు వచ్చింది ఏటికొప్పాకదే.

కాబట్టి చంద్రపూర్‌లో ఎవరైనా పొనికితో అంబారీ ఏనుగు చేసి అమ్మవచ్చు. అది కొండపల్లి ఏనుగని చెప్పి అమ్మకూడదు. మరి 'నిర్మల్ తరహా' అంటే? అక్కడ కొంత మసక ఉంది. కొనేవాళ్లు మోసపోయేలా అక్కడిదే అని సూచిస్తే ఉల్లంఘన. కొన్ని వస్తువులకు కేంద్రం అదనపు రక్షణ ప్రకటిస్తే 'తరహా', 'శైలి' అన్న మాటలూ వాడకూడదు. మిగతావాటికి అసలు ఎక్కడ చేసిందో స్పష్టంగా రాసి ఉంటే వాదించుకునే చోటు మిగులుతుంది. మన కాకా 'నిర్మల్ మాలే' అన్నది మసక కాదు. సరుకు అక్కడిది కాకపోతే అది తప్పే.

1956లో మారిన గీత

ఇక్కడివాళ్లకు ఈ ఊరు-పేరు లెక్క కాస్త నొప్పిగా తగులుతుంది. కారణం చరిత్రలో ఉంది. రాష్ట్రాల పునర్విభజనకు ముందు కిన్వట్, రాజురా తాలూకాలు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి, నిర్మల్ ఉన్న జిల్లాలోనే. 1956లో ఆ రెండు తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రంలో కలిశాయి. అటు నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు ఇటు ఆదిలాబాద్‌లోకి వచ్చాయి. ఇళ్లు, చుట్టరికాలు, అంగడి రోజులు మారలేదు. మారింది కాగితాల మీది జిల్లా.

ఒక ఉదాహరణ అనుకుందాం. నిర్మల్‌లో నకాశీ పని నేర్చిన ఒకాయన సరిహద్దు అవతల మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో ఇల్లు కట్టుకుని, అదే కట్టె తెప్పించుకుని, అవే సీతాఫలాలు, చిలుకలు చేస్తున్నాడు. చేయి అదే, పని అదే. అయినా అది జీఐ లెక్కలో నిర్మల్ బొమ్మ కాదు, ఎందుకంటే హక్కు చేతితో పాటు నడవదు, నేలతో ఉండిపోతుంది. ఇప్పుడు తిరగేసి చూద్దాం. వేరే చోటి నుంచి వచ్చి నిర్మల్‌లో ఈమధ్యే పని నేర్చుకుని, అధీకృత వినియోగదారుగా నమోదైన యువకుడు చేసింది నిర్మల్ బొమ్మే.

ఇది అన్యాయమనేవాళ్లున్నారు. కళ మనుషుల్లో ఉంటుంది, పటంలో కాదంటారు. సమర్థించేవాళ్ల మాటా తీసిపారేయలేం. చేతిని నమ్ముకుంటే రేపు ఎవరైనా 'మా తాత నిర్మల్ వాడే' అని ఫ్యాక్టరీ పెడతాడు, ఊళ్లో మిగిలిన కొద్దిపాటి కుటుంబాలకు ఆ పేరు ఒక్కటే ఆస్తి అంటారు. నాకు రెండో వాదనలోనే బలం ఎక్కువ కనిపిస్తుంది. కానీ దాని వల్ల సరిహద్దు అవతలివాడికి దొరికేదేమీ లేదన్నదీ నిజమే. రాజురా వడ్లాయన ఎద్దుకైతే ఈ గొడవే లేదు. దానికి జీఐ లేదు, దాన్ని అడిగినవాళ్లూ లేరు. ఊరూరా ఎవరికి వారు చేసుకునే వస్తువుకు ఏ ఊరి పేరు పెడతారు?

యంత్రం తగిలితే చేతిపని కాకుండా పోతుందా

ఏటికొప్పాకలో తరిమెన ఇప్పుడు కరెంటు మోటారుతో తిరుగుతుంది. వడ్లాయన దగ్గరా చేతి రంపం పక్కన మోటారు రంపం చేరింది. దీన్ని చేతిపని అనొచ్చా అంటే, అనొచ్చు. 2018 జూలైలో జీఎస్టీ కోసం కేంద్రం ఇచ్చిన నిర్వచనం ప్రకారం హస్తకళా వస్తువు ప్రధానంగా చేతితో చేసినదై ఉండాలి. మధ్యలో పనిముట్లు, యంత్రాలు వాడినా ఫర్వాలేదు. రెండో షరతు కాస్త చిత్రంగా ఉంటుంది. కంటికి ఇంపైన అలంకరణ చెప్పుకోదగినంత ఉండాలి. మూడోది, యంత్రంతో చేసిన అలాంటి వస్తువుకు భిన్నమైన విశిష్టత, కళాపరమైనదో సంస్కృతిపరమైనదో, ఉండాలి.

అంబారీ ఏనుగు ఈ మూడూ అవలీలగా దాటుతుంది. నిర్మల్ చిలుకా దాటుతుంది. వడ్లాయన ఎద్దు? మొదటిదీ మూడోదీ సరే. అలంకరణ దగ్గర నసుగుడు వస్తుంది. రంగు తప్ప దాని ఒంటి మీద చెక్కడం తక్కువ. అలంకారమంతా పండగ నాడు పిల్లలు చేస్తారు, రంగు కాగితాలతో, పూసలతో, అమ్మ చీర అంచుతో. అమ్మేనాటికి అది దాదాపు బోసి ఎద్దు. చట్టం రాసినవాళ్ల మనసులో ఏనుగుందిగానీ ఈ ఎద్దు లేదని ఇక్కడ తెలిసిపోతుంది.

ఈ నిర్వచనం డబ్బుతోనూ ముడిపడి ఉంది, సరిహద్దులో మరీను. సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ నమోదు హద్దు మహారాష్ట్రలో ఏటా 40 లక్షల రూపాయలైతే తెలంగాణలో 20 లక్షలు. వడ్లాయన ఆ దరిదాపుల్లో లేడు. కానీ మామూలు సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే హద్దుతో పని లేకుండా నమోదు కావాలి. కేంద్రం ప్రకటించిన హస్తకళా వస్తువులకు ఆ నిబంధన సడలింది. రాజురాలో చేసిన ఎద్దును తెలంగాణలోని ఆసిఫాబాద్ అంగట్లో అమ్మితే అది రాష్ట్రం దాటడమే. హస్తకళ అయితే ఒక దారి, ఉత్త చెక్క వస్తువైతే మరో దారి. సంతలో దీన్ని ఎవరూ ఆపి అడగరు, అది వేరే సంగతి. పన్ను రేటు విషయానికొస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎలక్ట్రానిక్ కాని బొమ్మల మీద 12 శాతం 5కు దిగింది. కొట్టువాడికి అది లాభమే.

అసలు చిక్కు: బీఐఎస్ ఉత్తర్వు

2020 ఫిబ్రవరి 25న కేంద్రం బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమలు చేసింది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన ఏ వస్తువైనా ప్రమాణాలకు సరిపోవాలి, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సుతో ఐఎస్ఐ గుర్తు వేసుకోవాలి. నేపథ్యం దిగుమతులు. 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దిగుమతి బొమ్మల నమూనాలను పరీక్షిస్తే దాదాపు మూడింట రెండొంతులు నిలవలేదు. దిగుమతి సుంకాన్నీ 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. గురి విదేశీ ప్లాస్టిక్ మీద. కానీ ఉత్తర్వులో 'బొమ్మ' అని రాస్తే చెక్క ఎద్దూ బొమ్మే. లైసెన్సు రుసుములు, పరీక్షల ఖర్చు వడ్లాయన ఏడాదంతా ఎడ్లు చెక్కినా పుట్టవు.

దేశమంతా కళాకారులు మొత్తుకున్నాక 2020 డిసెంబర్‌లో సవరణ వచ్చింది. ఇద్దరికి మినహాయింపు ఇచ్చారు. కేంద్ర హస్తకళల కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తామే చేసి అమ్మే బొమ్మలకు ఒకటి. జీఐ పొందిన వస్తువును దాని నమోదిత యజమాని, అధీకృత వినియోగదారులు చేసి అమ్మితే రెండోది. కాకా విన్న రెండు సగం నిజాలూ ఈ ఉత్తర్వు, ఈ సవరణ నుంచి వచ్చినవే.

ఇప్పుడు పై ఉదాహరణలను దీనిలో వేసి చూస్తే ఎవరు ఎక్కడ తేలతారో తెలుస్తుంది. నిర్మల్‌లో అధీకృత వినియోగదారుగా ఉన్న నకాశీకి ముద్ర అక్కర్లేదు. అదే ఊళ్లో, అదే వీధిలో, ఏ నమోదూ లేని నకాశీకి మినహాయింపు దానంతట అదే రాదు. ధర్మాబాద్ వెళ్లిపోయినాయన జీఐ దారిలో రాలేడుగానీ, హస్తకళాకారుడిగా గుర్తింపు కార్డు తీసుకుంటే ఆ దారిలో వస్తాడు. రాజురా వడ్లాయనకు జీఐ లేదు, కార్డు లేదు. తనను తాను ఆయన కళాకారుడని అనుకోనే అనుకోడు, వడ్రంగిననుకుంటాడు. కాబట్టి ఉత్తర్వును అక్షరాలా చదివితే ఆచారానికి అందరికంటే దగ్గరగా ఉన్న బొమ్మే, ఊరి బిడ్డలకు ఊరివాడు చేసిందే, ఏ మినహాయింపులోనూ పడదు. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ ఎద్దుకు ముద్ర ఉంటుంది, నిర్మల్ ఎద్దుకు మినహాయింపు ఉంటుంది, దీనికి రెండూ లేవు.

అసలిది ఆటబొమ్మే కాదు, పూజావస్తువు అని వాదించేవాళ్లున్నారు. పూర్తిగా కొట్టిపారేయదగ్గ వాదన కాదు. సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్ల మీద పెట్టే దశావతారాలను, పెద్దలు అలంకారానికి కొనే బొమ్మలను పిల్లల ఆటవస్తువులని అనలేం. కానీ ఈ ఎద్దుకు చక్రాలున్నాయి, తాడుంది. పండగ మరునాటి నుంచి అది వాకిట్లో మట్టి మోస్తుంది. బొట్టు పెట్టినంత మాత్రాన ఆట కాకుండా పోదు.

ఒక ఎద్దును పరీక్షకు పెడితే

చట్టం సంగతి పక్కన పెట్టి వస్తువునే చూద్దాం. బొమ్మల భద్రతకు మన ప్రమాణం ఐఎస్ 9873. అందులో భాగాలున్నాయి: విరగడం, గుచ్చుకోవడం, మింగడం లాంటి భౌతిక ప్రమాదాలు ఒకటి, మంట రెండు, రంగుల్లోంచి బయటికొచ్చే విషలోహాలు మూడు.

మింగే ప్రమాదానికి ఒక చిన్న గొట్టంతో పరీక్ష చేస్తారు. వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, లోతు ఏటవాలుగా 25.4 నుంచి 57.1 మిల్లీమీటర్లు. మూడేళ్ల లోపు పిల్ల గొంతుకు అది ఉజ్జాయింపు కొలత. బొమ్మలో ఊడివచ్చే ముక్క ఏదైనా నొక్కకుండానే దానిలో పూర్తిగా ఇమిడిపోతే ఆ వయసు పిల్లలకు ఆ బొమ్మ పనికిరాదు. అరచేయంత ఎద్దును తీసుకోండి. కొమ్ము బెజ్జంలో బిగుసుకుని ఉంటే మంచిదే. వానాకాలం ఉబ్బిన కట్టె ఎండాకాలం ముడుచుకుని, కొమ్ము వదులై చేతిలోకి వస్తుంది. అది గొట్టంలో పడిపోతుంది. చక్రం కాస్త పెద్దదైతే పైనే ఆగుతుంది. చక్రం ఊడితే బయటపడే మేకు మొన మరో తరగతి ప్రమాదం. చక్రానికి బయట మేకు బదులు కట్టె చీల వేసి జిగురు పెట్టే వడ్లవాళ్లున్నారు. పని కాస్త ఎక్కువ, ధర అంతే.

పెద్ద ఎద్దు విషయంలో ఈ గొడవ తక్కువ. దాని కొమ్మే చిన్నపిల్లవాడి చెయ్యంత ఉంటుంది.

మూడో భాగం ఎనిమిది మూలకాల లెక్క చూస్తుంది. కిలో రంగు పొరలోంచి పొట్టలోని ఆమ్లం లాంటి ద్రావణంలోకి దిగేది సీసమైతే 90 మిల్లీగ్రాములు, కాడ్మియం 75, ఆర్సెనిక్ 25, పాదరసం 60 దాటకూడదు. మిగతా నాలుగూ యాంటిమొనీ, బేరియం, క్రోమియం, సెలీనియం. వీటిలో ఎక్కువ భయపడాల్సింది సీసానికి. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదని చెప్పగల సురక్షిత మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఎనామిల్ రంగుల్లో సీసం తరచూ చేరేది పసుపు, నారింజ, ఎరుపుల్లో, లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుద్రవ్యం వల్ల. పోళా ఎద్దు కొమ్ముల రంగులు సరిగ్గా అవే.

పాత రంగులే వాడుకుంటే పోలేదా అంటారు. ఆ మాట తేలిగ్గా అనలేం. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు దశాబ్దాలు శ్రమపడి విత్తుల నుంచి, బెరళ్ల నుంచి, వేళ్ల నుంచి రంగులు తీసే పద్ధతులను నిలబెట్టారు. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. లక్కతో కలిసే ఆ రంగులు తరిమెన పట్టిన నున్నటి కర్రకు అతుకుతాయి. బాడిసతో చెక్కిన గరుకు ఎద్దుకు ఆ పద్ధతి పనికిరాదు. పైగా పాతదంతా క్షేమమని లేదు. మహారాష్ట్ర పల్లెల్లో పోళాకు ఎడ్ల కొమ్ములకు పూసే హింగుళ్, మన ఇంగిలీకం, పాదరసపు ఖనిజం.

ఏడు చేపల సెట్టు, అందులో చీమ

పిల్లల కథల నుంచి చెక్క బొమ్మలు చేయడం కొత్తేమీ కాదు. కొండపల్లిలో దశావతారాలూ, తాడిచెట్టెక్కే గీత కార్మికుడూ చూసిన, విన్న బతుకులోంచి వచ్చినవే. కొత్తదేమిటంటే కథ మొత్తాన్ని ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్మడం. తెలుగులో దీనికి ఏడు చేపల కథను మించింది లేదు. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం, గడ్డిమోపెందుకంటే ఆవు మేయలేదు, ఆవెందుకంటే గొల్లవాడు మేపలేదు, అవ్వ అన్నం పెట్టలేదు, పాప ఏడ్చింది, చీమ కుట్టింది. ఒక ముక్క పక్కన ఇంకో ముక్క పెడుతూ పోతే కథ దానంతటదే నడుస్తుంది. మరాఠీ బడికి వెళ్లే తెలుగు పిల్లలకు అమ్మమ్మ నోటి కథ అందని ఇళ్లలో ఇది మంచి ఊతం.

బల్లార్పూర్ కుర్రవాడొకడు ఈ సెట్టు చేస్తున్నాడనుకోండి. లేజర్‌తో ప్లైవుడ్ కోసి, అంచులు చేత్తో నున్న చేసి, చేత్తో రంగులేశాడు. ఊరి పేరు? ఏ జీఐనీ వాడుకోలేదు కాబట్టి చిక్కు లేదు. చేతిపనా? కోత యంత్రానిది, రంగు చేతిది. 'ప్రధానంగా' అన్న మాట దగ్గర ఇద్దరు అధికారులు రెండు రకాలుగా చెప్పగలరు. ముద్ర? కళాకారుడి కార్డు లేకపోతే తప్పనిసరి. గొట్టం పరీక్ష? గడ్డిమోపు, ఆవు, అవ్వ బయటే ఆగుతాయి. చీమ పడిపోతుంది. కథలో ముక్కలన్నిటికంటే చిన్నదే అసలు దోషి, పరీక్షలోనూ అంతే. చీమను పుట్ట ముక్క మీదే చెక్కేస్తే గట్టెక్కుతుంది. లేదంటే మూడేళ్లు దాటినవాళ్లకేనని పెట్టె మీద రాయాలి.

ఆచారం మాటకొస్తే, ఈ సెట్టు అచ్చ తెలుగు కథ, దిగుమతి ప్లై, యంత్రపు కోత. వడ్లాయన ఎద్దు మరాఠీ ఆచారం, తెలుగు చేయి, స్థానిక కట్టె. దేన్ని సంప్రదాయ బొమ్మ అనాలన్నదానికి ఈ ప్రాంతంలో రెండు ఇళ్లలో రెండు జవాబులొస్తాయి. రెంటికీ తగిన కారణముంది.

మినహాయింపు మీద మాటామాటా

కళాకారులకు మినహాయింపు ఉండాల్సిందే అనేవాళ్ల వాదన జీవనాధారం గురించి. ప్రమాణాలు ఫ్యాక్టరీ ఉత్పత్తిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వెయ్యి ఒకేలాంటి బొమ్మల్లో నాలుగు తీసి పరీక్షించడంలో అర్థముంది. ఏ రెండూ ఒకేలా ఉండని చేతి బొమ్మల్లో ఏది పరీక్షిస్తారు? పైగా ఊళ్లో అమ్మేవాడు ముఖం తెలిసినవాడు. కొమ్ము ఊడితే మరునాడు ఆయన ఇంటికే వెళ్లి అడుగుతారు.

అటువైపు వాళ్లది పిల్ల గురించిన వాదన. రంగు ఎవరు పూశారో సీసానికి తెలియదంటారు. చేతిపని అని మినహాయింపు ఇస్తే, ప్రమాదాన్ని పేదింటి పిల్లల మీదికి నెట్టినట్టే, ఎందుకంటే చవక చెక్క బొమ్మ కొనేది వాళ్లే. ముఖం తెలిసినవాడే అయినా, రంగులోని సీసం ఆయనకూ కనబడదు.

ఈ రెండు వాదనలూ నిజానికి ఒకదానితో ఒకటి ఢీకొనడం లేదన్నది నా ఉద్దేశం. వడ్లాయన అదుపులో ఉన్నవి కొమ్ము బిగువు, మేకు, అంచుల నునుపు. ఇవి ఎవరైనా కంటితో, చేతితో చూసి చెప్పగలిగేవి. ఆయన అదుపులో లేనిది డబ్బాలోంచి వచ్చే రంగు. దాన్ని బొమ్మ దగ్గర పట్టుకోవడం కష్టం, డబ్బా దగ్గర పట్టుకోవడం తేలిక. ఆ నియమం ఉంది కూడా. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) మించకూడదని కేంద్ర పర్యావరణ శాఖ 2016లో నియమాలు తెచ్చింది, 2017 నవంబర్ నుంచి అమలు చేసింది. ఆ సంగతి డబ్బా మీద రాయాలి కూడా. కానీ నియమం పేరులోనే దాని హద్దూ ఉంది. బండ్లకు, యంత్రాలకు వేసే పారిశ్రామిక రంగులు దాని కిందికి రావు. నిగనిగలాడే మెరుపు కోసం బొమ్మలు చేసేవాళ్లు తరచూ చెయ్యి చాచేది వాటికే. నిర్మల్ పనిలోనూ బండ్లకు వేసే డ్యూకో రంగులు ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. ఎద్దు ఒంటికి వేసే తెల్ల గోడరంగు డబ్బా మీద సీసం మాట ఉంటుంది. కొమ్ముల కోసం స్పేర్ పార్టుల కొట్లో కొన్న నారింజ డబ్బా మీద అది ఉండాలని ఆ నియమం అడగదు.